డెబ్బై రెండు ముక్కల బొంత

2024 నవంబరులో మేం మొదటిసారి ధర్నాకి పిలిస్తే తొమ్మిదిమంది వచ్చారు. శ్రీకాకుళంలో మాది ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీ. మూడేళ్ళ పిల్లలమూ కలిపితే ఆరొందలకి పైనే ఉంటాం. ఫీజు బకాయి లేనివాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అయినా వచ్చింది తొమ్మిదిమందే. ఫ్లెక్సీ మాత్రం పది అడుగుల పొడవుంది. ఇద్దరు దాన్ని చెరో వైపు పట్టుకున్నారు, మిగిలిన ఏడుగురం వెనకాల నిలబడ్డాం. గంటన్నర నినాదాలిచ్చాం. గొంతులు పోయాయి. గేటు దాటి వెళ్ళే మా క్లాసువాళ్ళు మమ్మల్ని చూసి తల దించుకున్నారు. వాళ్ళకి పట్టింపు లేదని ఆ రోజు అనుకున్నాను. అది నా పొరపాటు.

సమస్య ఏమిటో ముందు చెప్పాలి. పేద పిల్లల ఫీజు ప్రభుత్వం కట్టే పద్ధతి, అంటే ఫీజు రీయింబర్స్‌మెంట్, మన రాష్ట్రంలో 2008లో మొదలైంది. ఆ పథకం లేకపోతే మా ఊరి నుంచి నేను డిగ్రీ మెట్టెక్కేదాన్నే కాదు. 2021 నుంచి ఆ డబ్బు కాలేజీకి కాకుండా తల్లుల ఖాతాల్లో వేయడం మొదలుపెట్టారు. డబ్బు టైముకి పడినప్పుడు బాగానే ఉండేది. ఆలస్యమైనప్పుడు మాత్రం కాలేజీవాళ్ళు మమ్మల్ని అడిగేవారు. పడిన డబ్బు ఇంట్లో ఏ ఆసుపత్రి ఖర్చుకో అయిపోతే ఇక చెప్పక్కర్లేదు. ఈ మధ్యలో మా సీనియర్లు డిగ్రీ పూర్తి చేశారు. బకాయి కడితేగాని సర్టిఫికెట్లు ఇచ్చేది లేదన్నారు కాలేజీవాళ్ళు. డిగ్రీవే కాదు, చేరేటప్పుడు తీసుకున్న టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ కూడా. పదిహేడుమంది సీనియర్లు చేతిలో కాగితం లేక ఇంట్లో కూర్చున్నారు. ఒకమ్మాయికి నర్సింగ్ హోంలో రిసెప్షన్ ఉద్యోగం వచ్చి పోయింది. ఒకబ్బాయి హైదరాబాదులో సెంట్రింగ్ పనికి వెళ్ళిపోయాడు.

బొంత ఆలోచన నాకు కాలేజీలో రాలేదు. కార్తీక పౌర్ణమికి మా ఊరు వెళ్ళినప్పుడు వచ్చింది. మాది మందస దగ్గర పల్లె. చలికాలం మొదలవుతుంటే మా అమ్మమ్మ బొంత వేస్తోంది. కుట్టడం అనదు, వేయడం అంటుంది. వీధి అరుగు మీద పాత నేత చీరలు నాలుగు వరసలు పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టి, చుట్టూ ఐదుగురు ఆడవాళ్ళు కూర్చున్నారు. ఎవరి వైపు నుంచి వాళ్ళు కుట్టుకుంటూ మధ్యకి వస్తారు. తలలు వంచి ఉన్నాయి, చేతులు ఆడుతున్నాయి, మాటలు సాగుతున్నాయి. మా పక్కింటి అత్త మామూలుగా నోరు విప్పని మనిషి. ఆవిడ ఆ రోజు సూది ఆపకుండానే తన మొగుడికి కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ ఎంతుందో, డయాలసిస్‌కి వారానికి ఎన్నిసార్లు వెళ్తున్నారో, ఎవరి దగ్గర ఎంత అప్పు చేసిందో అంతా చెప్పేసింది. మా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు లేని వీధి ఉండదు. కానీ ఇంటి గుట్టు అలా బయటపెట్టడం నేనెప్పుడూ వినలేదు. ఎదురుగా కూర్చోబెట్టి అడిగి ఉంటే ఆవిడ చెప్పేది కాదు. అందరి కళ్ళూ గుడ్డ మీద ఉన్నాయి కాబట్టి చెప్పగలిగింది.

మా తొమ్మిదిమంది ధర్నా గుర్తొచ్చింది. మేం మా క్లాసువాళ్ళని రోడ్డు మీదికొచ్చి గట్టిగా అరవమన్నాం. అరవడం రానివాళ్ళకి ఇంకో దారి చూపించలేదు.

తిరిగొచ్చేటప్పుడు అమ్మమ్మ దగ్గర రెండు బొంత సూదులు, ఓ మైనం ముద్ద అడిగి తెచ్చుకున్నాను. "ఒలే, దారం మూరెడు కంటే పొడుగు తియ్యకు, సిక్కు పడిపోద్ది" అని మరీ మరీ చెప్పింది. బారెడు దారం తీస్తే పని త్వరగా అవుతుందనుకుంటాం గాని, అది చిక్కుపడి రెండింతల సమయం తింటుంది. ఈ ముక్క నేను తరవాత కనీసం యాభైమందికి చెప్పి ఉంటాను.

హాస్టల్లో మా గదిలో నలుగురితో మొదలుపెట్టాం. ఒక్కొక్కరు ఇంటి నుంచి ఓ పాత గుడ్డ తేవాలి. మూరెడు పొడవు, మూరెడు వెడల్పు ముక్క కత్తిరించాలి. మన చదువు కోసం ఇంట్లో ఏది అమ్మారో, ఏది తాకట్టు పెట్టారో, ఎవరు ఏ ఊరు వలస పోయారో దాని బొమ్మ వెయ్యాలి. రంగైనా సరే, దారమైనా సరే, గుడ్డ మీద గుడ్డ అతికినా సరే. పేరు రాయక్కర్లేదు. మేం పెట్టుకున్న నియమం ఇంతే. బొమ్మలు రావన్నవాళ్ళకి, రాకపోయినా పర్వాలేదు, మేకని గీస్తే మేక అని తెలిస్తే చాలన్నాం.

మూడో రోజుకి గదిలో పదకొండుమంది అయ్యారు. వారానికి వరండా నిండిపోయింది. గేటు దగ్గర తల దించుకుని వెళ్ళిన అమ్మాయిలే ఇప్పుడు చాప తెచ్చుకుని కూర్చున్నారు. వాళ్ళలో ఒకమ్మాయి ఓ రాత్రి కుడుతూ కుడుతూ అంది, "ఆ రోజు రాకూడదని కాదక్కా. మా తమ్ముడు కానిస్టేబుల్‌కి ప్రిపేరవుతున్నాడు. కేసు గీసు అయితే వెరిఫికేషన్‌లో ఇంట్లో అందరివీ చూస్తారని నాన్న భయపెట్టారు." చూస్తారో లేదో వేరే మాట. ఆ భయం మాత్రం నిజం. మేం ఆ భయాన్ని పిరికితనం అనుకున్నాం, తప్పు మాదే.

ముక్కల్లో కొన్నిటి గురించి చెప్పకుండా ఉండలేను.

పలాసమ్మాయి ఒకామె తెల్ల గుడ్డ ఒకటి తెచ్చింది. దాని మీద వాళ్ళమ్మ అరచేతి ముద్ర. వాళ్ళమ్మ కాశీబుగ్గలో జీడిపిక్కల పనికి వెళ్తుంది. పిక్క కొట్టి పప్పు తీసేటప్పుడు తొక్కలోంచి జీడి సొన కారుతుంది. అది తగిలిన చోట చర్మం కాలిపోతుంది. నూనె రాసుకుంటారు, బూడిద రాసుకుంటారు, అయినా కాలుతుంది. రోజూ ఆ పనే చేసే చెయ్యి నల్లబడిపోయి, వేళ్ళ చివర గీతలు అరిగిపోతాయి. "నా సెయ్యి ఏటి బాగుంటాదమ్మా బొమ్మకి" అన్నదట వాళ్ళమ్మ. నల్ల ఫ్యాబ్రిక్ పెయింట్ పూసి గుడ్డ మీద ఒత్తితే అరచెయ్యి చక్కగా పడింది గానీ వేళ్ళ చివర్లు నున్నగా, గీతల్లేకుండా పడ్డాయి. దగ్గరికెళ్ళి చూస్తేనే తెలుస్తుంది. రేషన్ దగ్గర వేలిముద్ర పడక వాళ్ళమ్మ ఎన్నిసార్లు తిరిగొచ్చిందో ఆ అమ్మాయి ఆ రాత్రి చెప్పింది. ఆ ముక్క మీద ఒక్క కుట్టు కూడా అదనంగా వెయ్యొద్దని అందరం అనుకున్నాం. చుట్టూ అంచు మాత్రం కుట్టాం.

సీతంపేట ఏజెన్సీ నుంచి వచ్చిన సవర అమ్మాయి ఎర్ర గుడ్డ మీద తెల్ల రంగుతో గీసింది. వాళ్ళ ఇళ్ళల్లో ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండి నీళ్ళతో బొమ్మలు వేస్తారు. మనుషులు, చెట్లు, జంతువులు అన్నీ సన్నటి గీతలతో వరసగా ఉంటాయి. అగ్గిపుల్ల చివర నమిలి, అదే కుంచెగా వాడింది. కొండ మీద నుంచి ఓ వరస మనుషులు దిగుతున్నారు, ఒక్కొక్కరి నెత్తి మీద ఒక్కో బుట్ట. అన్నిటికంటే కింద ఓ బల్ల, బల్ల వెనక ఓ మనిషి. బుట్టలన్నీ ఆ బల్ల దగ్గరికే వస్తున్నాయి. ఆ బొమ్మ గురించి ఆమె ఏమీ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఎచ్చెర్ల వైపు తీరం నుంచి వచ్చే తమ్ముడొకడు వాళ్ళ నాన్న లుంగీ తెచ్చాడు. వాళ్ళ నాన్న గుజరాత్‌లో వేరావల్ వెళ్ళి బోట్ల మీద పనిచేస్తాడు. అక్కడికెళ్ళిన మన జిల్లా, విజయనగరం జిల్లా మత్స్యకారులు 2018 చివర్లో పాకిస్తాన్‌వాళ్ళకి పట్టుబడి, 2020 జనవరిలో ఇల్లు చేరిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఈ తమ్ముడి నాన్న వాళ్ళలో లేడు. కానీ ఆ పధ్నాలుగు నెలలూ వాళ్ళ వీధిలో పొయ్యిలు సరిగా వెలగలేదని చెప్పాడు. లుంగీ ముక్క మీద వల అల్లిక కుట్టాడు. అసలు వల అల్లే ముడి అది. మా హాస్టల్లో అంత చక్కగా ఎవరూ కుట్టలేదు.

ఒక సీనియర్ అక్క ముక్క మీద ఒట్టి అంకె ఉంది. 77. ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేరేవాళ్ళకి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆపేసిన 2020 నాటి జీవో నంబరు అది. ఆవిడ ఎంఏ ఆశ దానితోనే పోయింది. "అంకె ఒక్కటే ఉంటే చూసినవాళ్ళకి అర్థం కాదక్కా" అన్నాను. "అర్థం కాకపోతే అడుగుతారు. అడిగితే చెప్తాను" అంది.

నల్ల గుడ్డ ఒకటి వచ్చింది, ఏ బొమ్మా లేకుండా. ఇచ్చినబ్బాయి ఏమీ చెప్పలేదు. దాన్నీ కుట్టాం.

అబ్బాయిలు లేడీస్ హాస్టల్‌కి రాకూడదు కదా. మొదట కాలేజీ వెనక షెడ్డులో కూర్చున్నాం. నాలుగు రోజులకి అక్కడ కూర్చోవద్దని చెప్పారు. అప్పుడు రిటైరైన తెలుగు మాస్టారొకరు వాళ్ళ డాబా ఇచ్చారు. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది వరకు. మాస్టారు కథానిలయానికి తరచూ వెళ్ళే మనిషి. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో మన ఊళ్ళో తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చాలని పెట్టిన ఇల్లది. అది కట్టిందీ ఇలాగే అని మా మాస్టారు చెప్పారు. ఒకరి దగ్గరున్న పత్రిక, ఇంకొకరి దగ్గరున్న పాత సంచిక, ముక్క ముక్కగా వచ్చి చేరాయట. బొంత మీద కూడా తేదీలు వెయ్యండి, పదేళ్ళ తరవాత చూసేవాళ్ళకి కావాలి అన్నారు. అందుకే ప్రతి ముక్క మూలలో చిన్నగా నెల, సంవత్సరం కుట్టాం.

అబ్బాయిలు ఎనిమిదిమంది సూది దారం ఎక్కించడం అక్కడే నేర్చుకున్నారు. వాళ్ళలో ఇద్దరు విద్యార్థి సంఘంలో ఉన్నారు. నవంబరు ధర్నా చేసింది వాళ్ళే, నాకు వాళ్ళంటే గౌరవం. మంచి చలిలో, పోలీసుల ముందు, నిలబడినవాళ్ళు వాళ్ళు. బొంత మధ్యలో సంఘం గుర్తు, పేరు ఉండాలని వాళ్ళు అడిగారు. ఆ రోజు డాబా మీద పెద్ద గొడవే అయింది. "మేం లేకపోతే ఈ సమస్య బయటికే వచ్చేది కాదు" అన్నాడు ఒకతను. అది నిజమే. "గుర్తు వేస్తే మా ఇంట్లోవాళ్ళు నా ముక్క పీక్కుపోతారు" అంది ఓ అమ్మాయి. అదీ నిజమే. ఇంకొకతను ఇంకా గట్టి ప్రశ్న వేశాడు. "ఇంత అందంగా చేస్తే చూసినవాళ్ళు అయ్యో పాపం అంటారు. మనకి కావల్సింది జాలి కాదు, సర్టిఫికెట్లు."

ఆ మాట నాకు రెండు రోజులు నిద్ర పట్టనివ్వలేదు. చివరికి నేను అనుకున్నది ఇది. అడుగుతున్నది ఏమిటో పెద్ద అక్షరాల్లో లేకపోతే అది నిజంగా జాలి దగ్గరే ఆగిపోతుంది. అందుకని మధ్యలో చోటు వదిలి "మా సర్టిఫికెట్లు మాకివ్వండి" అని రాయాలన్నాను. సంఘాల జెండాలు బొంత మీద కాకుండా, బొంత పక్కన నడవాలి. ఎవరి జెండా వాళ్ళు పట్టుకోవచ్చు. దీనికి అందరూ ఒప్పుకున్నారు, ఆ ఇద్దరూ కూడా. ఒకతను ఒప్పుకుంటూ ఒక షరతు పెట్టాడు. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని, దేశంలో పై చదువుల్ని పర్యవేక్షించే యూజీసీ 2018లో నోటిఫికేషన్ ఇచ్చింది, ఆ మాట ఒక ముక్క మీద ఉండి తీరాలన్నాడు. ఆ ముక్క తనే కుట్టాడు. అక్షరాలు వంకరగా వచ్చాయి గాని స్పష్టంగా వచ్చాయి. కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీకి ఆ నోటిఫికేషన్ కాపీ జతచేసిందీ అతనే.

డిసెంబరు మూడో వారంలో అల్పపీడనం పట్టింది. అప్పటికి యాభై నాలుగు ముక్కలు కలిపి కుట్టాం. మాస్టారి డాబా మీద టార్పాలిన్ కప్పి, ఇటుకలు పెట్టి వెళ్ళాం. రాత్రి గాలికి టార్పాలిన్ లేచిపోయింది. పొద్దున్న ఫోనొస్తే పరిగెత్తాం. మెట్ల మీద నుంచే ఎర్ర నీళ్ళు కారుతున్నాయి. చాలామంది డబ్బులు లేక ఫ్యాబ్రిక్ పెయింట్ బదులు పిల్లలు వాడే పోస్టర్ కలర్స్ వాడారు. ఫ్యాబ్రిక్ పెయింట్ వేసినవి, ఒక రోజంతా ఆరబెట్టి వెనక వైపు ఇస్త్రీ చేసినవి, చెక్కు చెదరలేదు. అరచేతి ముక్కకి ఏమీ కాలేదు. పోస్టర్ కలర్ వేసినవి మాత్రం ఒకదాని రంగు ఒకదానిలోకి దిగిపోయాయి. మేక ఎర్రగా, ఆవు ఎర్రగా, పుస్తెల తాడు ఎర్రగా. తడిసిన బొంత ఎంత బరువుంటుందో అప్పుడే తెలిసింది. ఆరుగురం ఎత్తలేకపోయాం. ఒకమ్మాయి అక్కడే మెట్ల మీద కూర్చుని ఏడ్చేసింది. ఆమె నాన్న ఆ ఆవుని నిజంగానే అమ్మాడు.

ఆ సాయంత్రం అమ్మమ్మకి ఫోన్ చేశాను. ఆవిడ నన్ను ఓదార్చలేదు. "రంగెందుకేసినారే? బొంతంటే గుడ్డ మీద గుడ్డ. పాత గుడ్డయితే ఎన్ని ఉతుకులుతికినా రంగు దిగదు, దిగాల్సిందంతా ఎప్పుడో దిగిపోయుంటాది" అంది. ఇంత చిన్న విషయం మాకెవరికీ తట్టలేదు. పాడైన పంతొమ్మిది ముక్కల మీద రంగు గుడ్డలు కత్తిరించి బొమ్మలు అతికాం. ఒడిశాలో పిప్పిలివాళ్ళు పందిళ్ళకీ గొడుగులకీ చేస్తారే, ఆ మాదిరి. జీటీ రోడ్డులో టైలర్ల దగ్గర కత్తిరించి పారేసే ముక్కలు సంచుల్లో తెచ్చాం. ఎవరూ డబ్బులు అడగలేదు. పెద్ద అక్షరాలకి నల్ల గుడ్డ కావాలి, తడిసినా దిగకూడదు. విరిగిపోయిన గొడుగులు గుర్తొచ్చాయి. హాస్టల్లో, ఇళ్ళల్లో వెతికితే పధ్నాలుగు దొరికాయి. వానకి పాడైనదాన్ని గొడుగు గుడ్డే నిలబెట్టింది.

ఆ వారం రాత్రి పదకొండు దాకా కూర్చున్నాం. మాస్టారి భార్య రోజూ టీ పెట్టి ఇచ్చారు, చివరి రెండు రోజులూ తనూ సూది పట్టారు. అమ్మమ్మ ఫోన్ స్పీకర్‌లో పెడితే ఓ రాత్రి మాకు పాత సంగతి చెప్పింది. ఆవిడ పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు బొడ్డపాడు వైపు విప్లవ కవి సుబ్బారావు పాణిగ్రాహి జముకు వాయిద్యంతో జముకుల కథ చెప్తే, తండ్రి భుజం మీద కూర్చుని విన్నదట. దీపాల వెలుగులో జముకు మోగుతుంటే జనం కదలకుండా కూర్చునేవాళ్ళట. ఆయన్ని 1969లో పోలీసులు చంపేశారు. "తరవాత ఆ కతిన్నోళ్ళని కూడా బెదిరించినారు. మా నాన్న సచ్చిపోయినదాకా దాని ఊసెత్తలేదు" అంది. మా డాబా మీద కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆయన దారి వేరు, మాది వేరు, మేం కాగితాల కోసం బొంత కుట్టుకుంటున్నవాళ్ళం. కానీ మా ప్రాంతంలో కష్టం చెప్పుకోవడానికి జనం ముందుగా పట్టుకున్నది జముకునో, తప్పెటనో, గజ్జెనో. మా చేతికి సూది దొరికింది. సోంపేట బీలలో, అంటే అక్కడి చిత్తడి నేలల్లో, థర్మల్ ప్లాంటు వద్దని 2010లో మా మావయ్యలు రోడ్డెక్కినప్పుడు నాకు ఆరేళ్ళు. పోలీసు కాల్పులు జరిగిన రోజు ఇంట్లో ఆడవాళ్ళు తలుపులేసుకుని కూర్చోవడం గుర్తుంది. ఆ థర్మల్ ప్లాంటు మాత్రం రాలేదు. నేను పుట్టిన చోట ఇలాంటివి విడిగా పాఠాల్లో చెప్పరు, ఇళ్ళల్లో ఉంటాయి.

ధనుర్మాసం వచ్చింది కదా అని హాస్టల్ గేటు ముందు రోజూ ముగ్గు వేసే అమ్మాయిలు చుక్కల మధ్య "17" అని వేయడం మొదలుపెట్టారు. సర్టిఫికెట్లు రానివాళ్ళ లెక్క. ఇది ఎవరూ చెప్పి చేయించింది కాదు. వాచ్‌మన్ తాత రోజూ నీళ్ళు చల్లేటప్పుడు ఆ అంకె చెరక్కుండా పక్కనుంచి చల్లేవాడు.

బొంత 28వ తేదీ రాత్రి పూర్తయింది. పన్నెండు మూరల పొడవు, ఆరు మూరల వెడల్పు. మొత్తం 72 ముక్కల చోటు. మధ్యలో అక్షరాలకి పోయిన చోటు కింద కూడా పాత చీరలే ఉన్నాయి.

30వ తేదీ సోమవారం. గ్రీవెన్స్ రోజు, అంటే కలెక్టరేట్‌లో జనం అర్జీలిచ్చే రోజు. ఏడు రోడ్ల కూడలి దగ్గర కలుసుకుని కలెక్టరేట్‌కి నడిచాం. పోలీసులకి ముందే కాగితం ఇచ్చాం. నేను లెక్కపెట్టాను, బయల్దేరేటప్పుడు నూట నలభై మూడుమందిమి. వీళ్ళు కాక తల్లులు ముప్ఫైమంది దాకా వచ్చారు. వాళ్ళు వస్తారని మేం అనుకోలేదు. తమ చీర ఉన్న బొంత చూసుకోవాలని వచ్చారు. ఒక తమ్ముడి వాళ్ళ నాన్న తప్పెటగుళ్ళు ఆడతాడు. ఆయన ఇంకో ముగ్గురితో వచ్చి, గుండెకి తప్పెట కట్టుకుని మా ముందు నడిచాడు. బొంత పట్టుకోవడానికి ఒక్కో వైపు పన్నెండుమంది కావాలి. ఆ పట్టుకోవడంలోనే ఒక సంగతి ఉంది. ఒకరు అడుగు తొందరగా వేస్తే గుడ్డ లాగుతుంది, కుట్టు పిగులుతుంది. అందుకని తప్పెట దెబ్బకి అడుగు కలిపి నడవాలి. నవంబరులో ఫ్లెక్సీ వెనక ఎవరికి వాళ్ళం నిలబడ్డాం. ఆ రోజు ఇరవై నాలుగుమంది చేతుల్లో గుడ్డ ఒకటే ఉంది, ఎవరూ మధ్యలో వదిలి వెళ్ళలేరు. తమ్ముడు కానిస్టేబుల్‌కి ప్రిపేరవుతున్నాడన్న అమ్మాయి నా ముందే ఉంది. చున్నీ తల మీంచి వేసుకుంది గాని, చెయ్యి వదల్లేదు.

కలెక్టరేట్ గేటు దగ్గర బొంతని నేల మీద పరిచి చుట్టూ కూర్చున్నాం. అర్జీలు పట్టుకుని వచ్చినవాళ్ళు, పెన్షన్ కోసం వచ్చిన ముసలివాళ్ళు, అందరూ చుట్టూ తిరిగి చూడటం మొదలుపెట్టారు. చదువు రానివాళ్ళకి కూడా మేక తెలుస్తుంది, పుస్తెల తాడు తెలుస్తుంది. "ఈ 77 ఏటమ్మా?" అని ఒకాయన అడిగాడు. సీనియర్ అక్క లేచి నిలబడి చెప్పింది. ఆయన విని ఊరుకోలేదు, పక్కనున్న ఇంకొకాయనకి చెప్పాడు. అలా అది చెట్టు కింద కూర్చున్నవాళ్ళ దాకా వెళ్ళింది. డ్యూటీలో ఉన్న మహిళా కానిస్టేబుల్ ఒకావిడ అరచేతి ముక్క దగ్గర వంగి చాలాసేపు చూసింది. "మాదీ పలాస పక్కనే, వజ్రపుకొత్తూరు" అని మాత్రం అంది.

అర్జీ తీసుకున్న అధికారి కిందికి దిగి వచ్చి బొంత చూశారు. యూజీసీ ముక్క దగ్గర ఆగి, కాపీ ఉందా అని అడిగారు. ఉందని ఇచ్చాం. కాలేజీతో మాట్లాడతామన్నారు. అంతకంటే ఆ రోజు ఏమీ జరగలేదు. అందరూ ఉసూరుమన్నారు. బొంత మడతపెడుతుంటే ఓ తల్లి తన చీర ముక్క వెతుక్కుని, దాన్ని చేత్తో సవరించి, "ఇది నా పెళ్ళప్పటిదమ్మా" అని మాకు చూపించింది.

సంక్రాంతి సెలవులయ్యాక కాలేజీ నుంచి కబురొచ్చింది. బకాయి తరవాత కడతామని రాసిచ్చినవాళ్ళకి ఒరిజినల్స్ ఇస్తామన్నారు. పదిహేడుమందిలో పదకొండుమందికి వచ్చాయి. ఇది బొంత వల్లేనని నేను చెప్పను. అర్జీ ఉంది, నోటిఫికేషన్ కాపీ ఉంది, సంఘంవాళ్ళు వారం వారం ఆఫీసుల చుట్టూ తిరిగిన తిరుగుడు ఉంది. అయితే ఆ వారం వారం తిరగడానికి తొమ్మిదిమంది కాకుండా ముప్ఫైమంది ఉన్నారు. వాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారంటే డాబా మీద నుంచే వచ్చారు. ఎవరి ఇంట్లో ఏం అమ్మారో తెలిసిన తరవాత పక్కవాడి అర్జీ పక్కవాడిదని ఊరుకోలేం.

అతుకుల బొంత అని మనం తిట్టుగా వాడతాం. ప్రభుత్వాల గురించి పేపర్లలో రాస్తారు కూడా. ఒక్కసారి బొంత వేసి చూసినవాళ్ళెవరూ ఆ మాట అలా వాడలేరని నాకనిపిస్తుంది. అతుకు దగ్గర గుడ్డ రెండు పొరలుంటుంది. బొంత చిరిగితే ముక్క మధ్యలో చిరుగుతుంది గాని అతుకు దగ్గర చిరగదు.

మిగిలిన ఆరుగురిలో ఇద్దరివి మార్చిలో వచ్చాయి. నలుగురివి ఇంకా కాలేజీ బీరువాలోనే ఉన్నాయి. హైదరాబాదు సెంట్రింగ్ పనికి వెళ్ళిన అబ్బాయిది అందులో ఒకటి. నా డిగ్రీ అయిపోయింది. బొంత, సూదులు, మైనం ముద్ద జూనియర్లకి ఇచ్చి వచ్చాను. మొన్న వాళ్ళు ఫోన్ చేశారు. అంచు దగ్గర కుట్లు వదులయ్యాయట, ఏ దారం వాడారక్కా అని అడిగారు. నూలు దారమే, రెండు పోగులు, మైనం రాసి కుట్టండి, మూరెడు కంటే పొడుగు తియ్యొద్దు అని చెప్పాను.